చేతికందే పట్టిక

మా పెద్దబాపుకు యెనభై రెండేళ్లు. సిరోంచలో మా వీధిలో ఆయన చేతివ్రాతకు ఒకప్పుడు పేరుండేది. కలప డిపోలో గుమాస్తాగా వున్నన్నాళ్లు పగలంతా మరాఠీలో లెక్కలు వ్రాసేవారు; సాయంత్రం యింటికి వచ్చి తెలుగులో వుత్తరాలు వ్రాసేవారు. యెవరికి అర్జీ కావాలన్నా, పెండ్లి శుభలేఖకు నాలుగు మాటలు కావాలన్నా ఆయన అరుగు దగ్గరికే వచ్చేవారు. అటువంటి మనిషి పోయిన చలికాలంలో ఒకనాడు కంప్యూటరు ముందునుంచి లేచి, కుర్చీ వెనక్కు జరిపి, "ఇది నా చేతికి రాదుర. చెయ్యే పోయింది. తీసి లోపట పెట్టు" అన్నారు.

నేను యేమీ అనలేదు. పెద్దవారు చెయ్యి పోయిందంటే, లేదు పోలేదని మనం వాదించడం బాగుండదు. పైగా అది నిజమేననుకున్నాను. రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతున్నది. చాయ కప్పు సగమే నింపి యిస్తే గాని నోటిదాకా చేరదు. కాని సంక్రాంతి వెళ్లేసరికి తేలిందేమంటే, ఆనాడు ఓడిపోయింది చెయ్యి కాదు. కంప్యూటరులో ఒక దస్త్రంలో వ్రాసివున్న ఒక అంకె ఆ చేతికి సరిపోలేదు, అంతే. ఆ అంకెను మనం మార్చుకోవచ్చు. యీ నెల ఆ ముచ్చటే చెబుతాను. యింట్లో ఒక పెద్ద ప్రాణమూ, మూలన ఒక పాత కంప్యూటరూ వున్న చదువరులకు పనికిరావచ్చు.

సిరోంచ యెక్కడని అడిగేవారు యింకా వున్నారు గనుక ముందు ఆ సంగతి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి యెదుటి గట్టున వున్న వూరు మాది. గోదావరి దాటితే తెలంగాణ. ప్రాణహిత దాటినా తెలంగాణే. మా జిల్లా కేంద్రం గడ్చిరోలికి మాత్రం అడవి దారిన దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. 1956 దాకా మేము మధ్యప్రదేశ్ వాళ్లం. తరువాత బొంబాయి రాష్ట్రం వాళ్లం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర వాళ్లం. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా అయింది. మా పెద్దబాపు అరుగు దిగకుండానే యిన్ని మార్పులు చూశారు. కచేరీలో మరాఠీ, బడిలో మరాఠీ, యింట్లో తెలుగు. కంప్యూటరు వచ్చిన తరువాత యింగ్లీషు కూడా గడప దాటి వచ్చింది.

కంప్యూటరు కావాలని అడిగింది ఆయనే. పొలం సాత్‌బారా కాగితం చూసుకోవాలి. నాగపూర్‌లో చదివే మనవరాలి ముఖం చూసి మాట్లాడాలి. అన్నిటికన్న ముఖ్యంగా, మళ్లీ తెలుగులో వుత్తరం వ్రాయాలి. కలం పట్టుకుంటే అక్షరం వంకర పోతున్నది గనుక యంత్రమైనా తిన్నగా వ్రాస్తుందని ఆయన ఆశ. ఫోను యిచ్చి చూశాము. అక్షరం ఆనదు, వేలు ఒకచోట పెడితే యింకోచోట పడుతుంది.

యింట్లో ఒక పాత కంప్యూటరు వుండనే వున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. దాని తరువాతి విండోసుకు మా పాత పెట్టె సరిపోదు. బాగున్న వస్తువును పారవెయ్యడమెందుకని మనవరాలు దానిలో లైనక్సు వేసి, బరువు లేకుండా వుంటుందని ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజరును పెట్టి, సెలవులైపోయి వెళ్లిపోయింది.

యీ విండో మేనేజరు అనేది యేమిటో చెప్పాలి. కంప్యూటరు తెర మీద ఒక్కొక్క పనికి ఒక్కొక్క చట్రం తెరుచుకుంటుంది గదా, దానినే కిటికీ అంటున్నాము. యే కిటికీ పైన వుండాలి, యేది వెనక్కు పోవాలి, యెక్కడ నొక్కితే యే పట్టిక రావాలి, యివన్నీ చూసే గుమాస్తా పేరు విండో మేనేజరు. విండోసులోనూ మాకింటోషులోనూ ఆ గుమాస్తాను తయారుచేసిన సంస్థవారే నియమించి పంపుతారు; మనకు నచ్చకపోయినా ఆయనతోనే వేగాలి. లైనక్సు వంటివాటిలో చాలాకాలం నడిచిన పద్ధతి వేరు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1984లో ఎక్స్ విండో అనే యేర్పాటు పుట్టింది. తెర మీద గీయడమూ, మౌసు కదలికను తెలుసుకోవడమూ మాత్రమే అది తన పనిగా పెట్టుకుని, కిటికీల పెత్తనాన్ని వేరే ప్రోగ్రాముకు వదిలివేసింది. అందుచేత డజన్లకొద్దీ విండో మేనేజర్లు పుట్టుకొచ్చాయి. యెవరికి నచ్చిన గుమాస్తాను వారు పెట్టుకోవచ్చు. ఓపెన్‌బాక్స్ 2002లో మొదలైంది. చివరి విడుదల 2015లో వచ్చింది. అయినా పాత యంత్రాలలో యిప్పటికీ నమ్మకంగా పనిచేస్తున్నది.

ఓపెన్‌బాక్స్‌లో మామూలు యేర్పాటు యిది: ఖాళీ తెర మీద మౌసు కుడి మీట నొక్కితే ముఖ్య పట్టిక వస్తుంది. మధ్య మీట నొక్కితే తెరిచివున్న కిటికీల జాబితా వస్తుంది. ఎడమ మీటకు అక్కడ పట్టిక యేదీ లేదు. పట్టిక అంటే హోటలు గోడ మీద వ్రాసిన వంటకాల జాబితా వంటిదే. రాత, పాటలు, బొమ్మలు, మూసివేత అని వరుసగా వుంటాయి; కావలసినదాని మీద నొక్కాలి. అలవాటైన చేతికి యిది అరక్షణం పని.

అలవాటు లేని చేతికో? కుడి మీటకు యీ పని, ఎడమ మీటకు ఆ పని అని యే శాస్త్రంలోనూ లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనను బిల్ ఇంగ్లీష్ అనే ఆయన 1964లో చెక్కడబ్బాగా తయారు చేసినప్పుడు మొట్టమొదటి మౌసుకు ఒక్కటే మీట వున్నది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని నలుగురి ముందు నడిపి చూపించేనాటికి మీటలు మూడయ్యాయి. 1973లో జిరాక్స్ వారి ఆల్టో యంత్రానికీ మూడే. 1984లో యాపిల్ వారి మాకింటోషు వచ్చేసరికి మళ్లీ ఒకటైంది. యెన్ని మీటలుంటే మేలన్నది ఆ పనిలో తలపండినవారికే తేలని సంగతి. మనుషులు కూర్చుని తీర్మానించుకున్న ఆచారమే గాని ప్రకృతి ధర్మం కాదు. ఆచారమైతే, యింటికి తగినట్లు సర్దుకోవచ్చు గదా!

కాని యీ మాట నాకు అప్పుడు తట్టలేదు. నేను చేసిందల్లా ఆయన పక్కన నిలబడి, "కుడిది పెద్దబాపూ, కుడిది, గట్టిగ పట్టుకోకు, టక్కున నొక్కి వదులు" అని నెల రోజులు చెప్పడం. చెప్పినకొద్దీ ఆయన చెయ్యి యింకా బిగిసింది. బిగిసినకొద్దీ వణుకు పెరిగింది. చివరికి ఆ మాట వచ్చింది, చెయ్యే పోయిందని.

సంక్రాంతికి మనవరాలు వచ్చింది. కంప్యూటరుకు గుడ్డ కప్పి వుండడం చూసి సంగతి అడిగింది. నేను చెప్పాను. ఆ పిల్ల నాకు తోచని పని చేసింది. తాతను కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన పీట వేసుకుని, "తాతా, నీకు తోచినట్టు చెయ్యి. నేను ఉత్తగ చూస్త" అన్నది. అరగంటసేపు నోరు మెదపలేదు. చెయ్యి పట్టుకుని నడిపించలేదు.

ఆయన కుడి మీట నొక్కారు. పట్టిక వచ్చింది. వేలు నెమ్మదిగా పైకెత్తారు. పట్టిక మాయమైంది. మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. "చూసినవా బిడ్డా, నొక్కితె అస్తది, ఇడిస్తె పోతది" అన్నారు, తప్పు చేసిన పిల్లవాడిలాగా. ఆ పిల్ల తల వూపి, కాగితం మీద యేదో గీసుకున్నది. అరగంట అయ్యేసరికి ఆ కాగితం మీద నాలుగు చిక్కులు తేలాయి. ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది పట్టిక మాయం కావడం. లోకంలో పట్టికను వాడే పద్ధతులు రెండున్నాయట. ఒకటి, మీట నొక్కి పట్టుకుని, అట్లాగే కిందికి లాగి, కావలసినచోట వదలడం. రెండవది, ఒకసారి నొక్కి వదిలి, పట్టిక నిలిచిన తరువాత తీరికగా యెంచుకుని మళ్లీ నొక్కడం. ఓపెన్‌బాక్స్ రెండింటినీ ఒప్పుకుంటుంది. మనం యే పద్ధతివాళ్లమో దానికెట్లా తెలియాలి? కాలాన్ని బట్టి. నొక్కడానికీ వదలడానికీ మధ్య 200 మిల్లీసెకండ్లు, అంటే సెకండులో అయిదవ వంతు, దాటితే మనం మొదటి పద్ధతివాళ్లమనుకుంటుంది. పట్టిక బయట వదిలాము గనుక వద్దనుకున్నామని పట్టికను దాచేస్తుంది. వయసులో వున్నవారి వేలు ఆ గడువులోపల లేస్తుంది. మా పెద్దబాపు వేలు లేవదు. ఆయన యెంత జాగ్రత్తగా నొక్కితే అంత ఆలస్యం. యెంత ఆలస్యమైతే అంత ఖాయంగా పట్టిక పారిపోతుంది. నేను నెల రోజులు చెప్పిన "టక్కున వదులు" అన్న మాటకు అర్థమేమిటి? యెనభై రెండేళ్ల వేలును సెకండులో అయిదవ వంతులో లేపమని!

ఆ గడువు హైడ్ డిలే అనే పేరుతో ఒక దస్త్రంలో వ్రాసి వున్నది. 200 అని వున్నచోట మనవరాలు 1000 అని వ్రాసింది, అంటే ఒక నిండు సెకండు. తాతను మళ్లీ నొక్కమన్నది. పట్టిక వచ్చింది. ఆయన వేలు తీశారు. పట్టిక నిలిచింది. ఆయన కాసేపు దానివంకే చూసి, అది యెక్కడికీ పోదని నమ్మకం కుదిరాక కుర్చీలో వెనక్కు వాలారు. యింట్లో యెవరమూ మాట్లాడలేదు.

రెండవ చిక్కు, యే మీట అన్నది. కుడి వేలు నొక్కబోతే ఎడమ వేలు ముందు పడుతున్నది. కుడిచెయ్యి అలిసినప్పుడు ఆయన మౌసును ఎడమచేతికి మార్చుకుంటున్నారు; అప్పుడు కుడి యెడమలు తారుమారు. మీటలను తిరగేసే ఆజ్ఞలున్నాయి గాని, మా పిల్ల అంతకన్న తేలిక దారి పట్టింది. ఆ దస్త్రంలోనే మౌసు అనే భాగంలో రూట్ అని ఒక చిన్న గది వున్నది. రూట్ అంటే కిటికీలేవీ లేని ఒట్టి తెర. అందులో కుడి మీట నొక్కితే ముఖ్య పట్టిక చూపు అని మౌస్‌బైండ్ అనే పేరుతో రెండు మూడు పంక్తులున్నాయి. ఆ పంక్తులనే మళ్లీ కింద వ్రాసి, రైట్ అన్నచోట లెఫ్ట్ అని పెట్టింది. మధ్య మీటకు కూడా అదే పట్టిక చెప్పింది. యిప్పుడు యే వేలు పడినా, యే చేత్తో పట్టుకున్నా వచ్చేది అదే పట్టిక. తప్పు నొక్కడమనేదే లేకుండా పోయింది.

మూడవ చిక్కు, నొక్కడానికి చోటు. పట్టిక ఒట్టి తెర మీద నొక్కితేనే వస్తుంది. వుత్తరం వ్రాసే కిటికీ తెర నిండా పరుచుకుంటే ఒట్టి తెర యెక్కడిది? దానికి మార్జిన్స్ అనే భాగం వున్నది. యే అంచున యెన్ని చుక్కల మేర ఖాళీ వదలాలో అక్కడ వ్రాయవచ్చు. కిటికీని యెంత పెద్దది చేసినా అది ఆ గీత దాటి రాదు. మనవరాలు ఎడమ అంచున 80 చుక్కలు వదిలింది. "తాతా, యిది నీ అరుగు. ఇల్లంత ఎవరున్నా, అరుగు నీదే" అన్నది. ఆ మాట ఆయనకు నచ్చింది. కంప్యూటరు సంగతి యేదీ గుర్తుండని మా పెద్దమ్మ కూడా యిప్పుడు, "అరుగు మీద నొక్కరాదా" అని ఆయనకు చెబుతున్నది.

నాలుగవది కిటికీలు జారిపోవడం. కిటికీ నెత్తిన వున్న పేరు పట్టీ మీద నొక్కబోతే చెయ్యి వణికి కిటికీయే యెటో కదిలిపోయేది. చెయ్యి యెంత కదిలితే దానిని లాగడంగా లెక్కపెట్టాలో చెప్పే అంకె కూడా వున్నది, డ్రాగ్ త్రెషోల్డ్ అని. మా యంత్రంలో అది ఒకే చుక్క. ఒక్క చుక్క మేర కూడా కదలకుండా వుండడం వణికే చేతికి సాధ్యమా? దానిని 12 చేశాము. కిటికీలు వున్నచోట వుంటున్నాయి.

యిక్కడ ఒక పాత పరిశోధన సంగతి చెప్పాలి. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చెయ్యి ఒకచోటినుంచి యింకోచోటికి చేరడానికి పట్టే కాలాన్ని కొలిచి ఒక సూత్రం చెప్పాడు. దూరం పెరిగినకొద్దీ, చేరవలసిన చోటు చిన్నదైనకొద్దీ కాలం పెరుగుతుందని దాని సారాంశం. అప్పటికి మౌసు యింకా పుట్టలేదు. కాని యీ పనికి అది అక్షరాలా సరిపోతుంది. తెర మూలన చిన్న బొమ్మ పెట్టి దాని మీద నొక్కమంటే దూరమూ యెక్కువే, చోటూ చిన్నదే. మౌసు వున్నచోటే పట్టిక తెరుచుకుంటే దూరం లేనట్లే. పైగా తెర అంచున వున్న చోటు చేతికి యింకా తేలిక. మౌసును యెంత విసురుగా తోసినా గోడకు తగిలిన బంతిలాగా బాణం గుర్తు అక్కడే ఆగుతుంది. అందుకే మనవరాలు అరుగును అంచునే కట్టింది.

తరువాత అక్షరాల సంగతి. పట్టికలో వున్న యింగ్లీషు మాటలు తీసేసి తెలుగు మాటలు పెట్టాలి. యీ పిల్ల యింతకుముందు యింకొక విండో మేనేజరులో ప్రయత్నించి చూసిందట. అందులో ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట చెల్లాచెదరుగా పడ్డాయి. అక్షరాలు యెరిగినవాడు కూడా చదవలేడు. కారణమేమంటే, తెలుగు అక్షరాన్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చితే చాలదు. తలకట్టు యెక్కడ తియ్యాలో, వత్తు దేని కింద చేరాలో తెలిసి కూర్చే ప్రోగ్రాము వేరే కావాలి. ఓపెన్‌బాక్స్ ఆ పనికి పాంగో అనే కూర్పు సాధనాన్ని వాడుకుంటుంది గనుక తెలుగు తెలుగులాగానే కనబడుతుంది. అక్షరరూపాలకు కరువు లేదు. గిడుగు, గురజాడ పేర్లతో కూడా వుచితంగా దొరుకుతున్నాయి. పట్టికలోని అక్షరం యెంత పెద్దదో అంత పెద్ద చోటు నొక్కడానికి దొరుకుతుంది. కాబట్టి అక్షరాన్ని పెద్దది చెయ్యడం కంటికీ మేలు, చేతికీ మేలు.

యిక పట్టికలో యేముండాలి? యిది తాతనే అడిగింది. మొదట వున్న పట్టికలో ఒక దానిలోంచి యింకొకటి తెరుచుకునే వుపపట్టికలు వున్నాయి. సన్నని గట్టు మీద నడిచినట్లు మౌసును పక్కకు తిప్పుకుంటూ పోవాలి. కాస్త తప్పితే అంతా మూసుకుపోతుంది. అవన్నీ తీసేశాము. యిప్పుడు వున్నవి ఆరే: వుత్తరం, సాత్‌బారా, నాగపూర్ పిల్లతో మాట, ఫొటోలు, పాటలు, ఒక గీత గీసి, దాని కింద యంత్రం ఆపు. ఆపు అన్నదాన్ని పొరబాటున నొక్కితే వెంటనే ఆరిపోకుండా, నిజంగానా అని ఒకసారి అడిగేట్లు చేసింది. ఒక్కొక్క తెలుగు మాట పక్కనే మరాఠీ కూడా పెట్టించారు పెద్దబాపు. యెందుకంటే యింట్లో చిన్నవాడు మరాఠీ బడికి పోతాడు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. వాడు పక్కమాట చూసి యిది ఫలానా అక్షరమా అని అడుగుతున్నాడు. అడిగినప్పుడు తాత చెబుతున్నారు. యింతవరకే చెప్పగలను, వాడు తెలుగు నేర్చుకున్నాడని అనడానికి యింకా తొందర.

చేసుకోదలచినవారికి నాలుగు జాగ్రత్తలు. మౌసు సంగతులన్నీ వుండే దస్త్రం పేరు ఆర్‌సీ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్. పట్టికలోని మాటలుండే దస్త్రం పేరు మెనూ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్. రెండూ మన యింటి ఫోల్డరులో డాట్ కాన్‌ఫిగ్ అనే అరలో, ఓపెన్‌బాక్స్ అనే గదిలో వుంటాయి. పేరు ముందు చుక్క వున్న అర మామూలుగా కనబడదు, కనబడేట్లు చేసుకోవాలి. అక్కడ దస్త్రాలు లేకపోతే యంత్రంలో వున్న మూలప్రతినుంచి నకలు తెచ్చుకోవాలి. ముట్టుకునే ముందు నకలు తీసి పక్కన పెట్టండి. తెరిచిన ప్రతి గుర్తుకూ మూసే గుర్తు వుండాలి. ఒక్కటి మరిచినా గుమాస్తా అలిగి తప్పువున్నదని చెబుతాడు. మార్చిన తరువాత ఓపెన్‌బాక్స్‌కు రీకాన్‌ఫిగర్ అనే ఆజ్ఞ యిస్తే చాలు, యంత్రం ఆపి తెరవనక్కరలేదు. ఒకేసారి నాలుగూ మార్చకండి. ఒకటి మార్చి, పెద్దవారిచేత నొక్కించి చూసి, తరువాత రెండవది మార్చండి.

యింకొక చిక్కు కొందరికి రావచ్చు. తెర మీద బొమ్మలు పేర్చి వుంచే ప్రోగ్రాము నడుస్తూ వుంటే, ఒట్టి తెరను ఆ ప్రోగ్రామే ఆక్రమించుకుని వుంటుంది; మీరు నొక్కింది ఓపెన్‌బాక్స్ దాకా చేరదు. పీసీమ్యాన్‌ఎఫ్‌ఎమ్ అనే ప్రోగ్రాములో అయితే, నొక్కినప్పుడు విండో మేనేజరు పట్టికనే చూపమని ఒక గడి వున్నది. దానిలో టిక్కు పెట్టాలి. యిక కొత్త లైనక్సులు ఎక్స్ విండోను వదిలి వేలాండ్ అనే యేర్పాటుకు మారుతున్నాయి. అక్కడ ఓపెన్‌బాక్స్ నడవదు. కాని దానినే నమూనాగా పెట్టుకున్న ల్యాబ్‌డబ్ల్యూసీ అనేది వున్నది. దస్త్రాల పేర్లూ, వ్రాసే తీరూ చాలావరకు అవే. 2024 అక్టోబరు నుంచి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లలో అదే వస్తున్నది. కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు.

విండోసు, మాకింటోషు వాడే యిళ్లవారు నిరాశపడనక్కరలేదు. మీటలను తారుమారు చేసుకోవడం, బాణం గుర్తును పెద్దది చేసుకోవడం, రెండుసార్లు నొక్కడానికి గడువు పెంచుకోవడం వాటిలోనూ వున్నవి. సెట్టింగులలో మౌసు, సౌలభ్యం అనే పుటలు ఒకసారి తీరిగ్గా చూడండి. పట్టికను మీ సొంత మాటలతో మొదటినుంచీ వ్రాసుకునే స్వాతంత్ర్యం అంత వుండదు గాని, చేతికి కొంత వూరట దొరుకుతుంది.

యిది చదివి మా పెద్దబాపు చెయ్యి నయమైందనుకోకండి. వణుకు వణుకే. అక్షరాల పలక మీద ఒకే మీట రెండుసార్లు పడుతూనే వున్నది. దానికీ వుపాయం వున్నదంటున్నది మనవరాలు, ఆ సంగతి మరొక నెల. చాయ కప్పు యిప్పటికీ సగమే నింపి యిస్తున్నాము. మారింది ఒక్కటే. ఆ సాయంత్రం ఆయన యెవరినీ పిలవకుండా అరుగు మీద నొక్కి, పట్టిక వచ్చిన తరువాత నిదానంగా వుత్తరం అన్న మాట మీద నొక్కి, ప్రాణహిత అవతల చెన్నూరులో వున్న మా మేనత్తకు నాలుగు పంక్తులు వ్రాశారు. ముప్పావుగంట పట్టింది. మొదటి పంక్తి యేమిటో నాకు తెలుసు, కాగితం అచ్చువేసి తెచ్చింది నేనే గనుక: "చెల్లెకు ఆశీస్సులు. ఇది నేనే రాసిన."

నా సంగతి చెప్పి ముగిస్తాను. నెల రోజులు నేను ఆ మనిషి పక్కన నిలబడి ఆయన చేతిని సరిచెయ్యబోయాను. దస్త్రంలో వున్న అంకెను సరిచెయ్యవచ్చునని తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తెలివితక్కువ ఒక్కటే కాదు. యంత్రం చెప్పిందే సరి, మనిషిదే తప్పు అని ముందుగానే అనుకుని కూర్చున్నాను. మీ యింట్లో పెద్దవారు యిది నా చేతికి రాదని లేచిపోతే, చెయ్యి సంగతి తరువాత చూడవచ్చు. ముందు పీట వేసుకుని, నోరు మూసుకుని, అరగంట పక్కన కూర్చోండి.